ఇంజన్ మార్చిన పాత జీపు: షాఫ్టుకూ డిఫరెన్షియల్‌కూ పొంతన

సంతకు వెళ్లే పాత జీపులో మీలో ఎవరైనా ప్రయాణం చేశారా? చేసి ఉంటే కాళ్ల కింది రేకు గుండా ఒక వణుకు పైకి రావడం మీకు గుర్తుండే ఉంటుంది. బండి వేగం పెరిగే కొద్దీ ఆ వణుకు పెరుగుతుంది. ఆ వణుకు ఎక్కడిది? దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుంది? ఈ పాఠంలో చూద్దాం. దీనికి కావలసిన భౌతికశాస్త్రం మీరు పదో తరగతిలోను, ఇంటర్మీడియట్‌లోను చదువుకున్నదే.

కొన్నేళ్ల క్రితం ఉపాధ్యాయుల సైన్సు శిక్షణ శిబిరం కోసం నేను ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మాకు వెళ్లాను. భద్రాచలం నుంచి చింతూరు, కుంట మీదుగా దారి. ఇప్పుడు దాన్ని 30వ నంబరు జాతీయ రహదారి అంటున్నాం, పాత లెక్కలో అది 221. కుంట దాకా మన తెలుగు వినబడుతూనే ఉంటుంది. అక్కడి నుంచి దోర్లీ, గోండీ, హల్బీ మాటలు కలుస్తాయి. 2012లో దంతెవాడ నుంచి విడిపోయి జిల్లా అయిన ఊరు సుక్మా. శబరి నది పక్కనే ఉంటుంది. ఇంకా పైకి పోతే దర్భా ఘాట్ ఎక్కి జగదల్‌పూర్ చేరుకోవాలి. అక్కడి వాగులకూ ఎత్తుపల్లాలకూ జీపును మించిన బండి లేదని స్థానికులు చెబుతారు.

సుక్మాలో మా బండి టైరు పంక్చరై ఒక షెడ్డు ముందు ఆగాం. లోపల వెనకటి విల్లీస్ నమూనా జీపు ఒకటి దిమ్మల మీద నిలబెట్టి ఉంది. దాని కింద పడుకున్న పెద్దాయనది కుంట. తెలుగు మాట వినగానే బయటికి వచ్చాడు.

"ఏమైంది మేస్త్రీ?" అన్నాను.

"వెనక షాఫ్టు క్రాసు విరిగింది సారూ. ఈ ఏడాదిలో ఇది మూడోది."

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఇంజను మార్చిన కాడ్నుంచి. పెట్రోలు ఇంజను తీసి డీజిల్ది పెట్టారు. అంతకు ముందు ముప్పై ఏళ్లు ఏ బాధా లేదు."

రెండోసారి విరిగినప్పుడు బండి దర్భా ఘాట్ దిగుతోందట. లోపల సంత నుంచి వస్తున్న జనం. కాలి బ్రేకు పట్టింది కాబట్టి బతికారు. ఆ మాట విన్నాక నేను శిబిరానికి గంట ఆలస్యంగా వెళ్లాను. ఆ గంటలో తెలిసిన విషయమే ఈ పాఠం.

విరిగితే పోయేది చక్రాల బలం ఒక్కటే కాదు

ముందుగా బలం వెళ్లే దారి చూద్దాం. ఇంజను, క్లచ్చి, గేర్‌బాక్సు, ఆ తర్వాత జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరో చిన్న పెట్టె. ఈ పెట్టె నుంచి ఒక షాఫ్టు వెనక ఇరుసుకు, ఇంకొకటి ముందు ఇరుసుకు వెళతాయి. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి బొడిపెలా కనబడేది డిఫరెన్షియల్. దాన్ని మెకానిక్కులు హౌసింగ్ అంటారు. అందులో చిన్న పళ్లచక్రం పినియను, పెద్దది క్రౌను. షాఫ్టు పినియన్ను తిప్పుతుంది, పినియను క్రౌన్ను తిప్పుతుంది, క్రౌను చక్రాలను తిప్పుతుంది. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కదా. ఆ తేడాకు వీలు కల్పించే చిన్న గేర్లు కూడా క్రౌను లోపలే ఉంటాయి. 1827లో ఫ్రాన్సులో పెకర్ అనే గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం ఈ ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు.

ఇప్పుడు జీపు విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటి. మామూలు కారులో చేతి బ్రేకు వెనక చక్రాలను పట్టుకుంటుంది. విల్లీస్ నమూనా జీపులో అలా కాదు. చేతి బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్టు మొదట్లో ఉంటుంది. అది పట్టుకునేది షాఫ్టును. షాఫ్టు విరిగిపోతే చేతి బ్రేకు గట్టిగా పట్టుకున్నా చక్రాలకు ఆ సంగతే తెలియదు! గేరులో ఉంచి దిగేటప్పుడు ఇంజను బండిని ఆపే పట్టు కూడా అదే క్షణంలో పోతుంది. దానికి తోడు, ఒక కొన ఊడిన షాఫ్టు గిరగిరా తిరుగుతూ పక్కనున్న బ్రేకు గొట్టాన్ని తెంపవచ్చు. అందుకే షాఫ్టు కింద ఇనుప పట్టీ ఒకటి వలయంలా బిగించడం మంచి అలవాటు. ఆ షెడ్డులోని జీపుకు అది లేదు.

నిష్పత్తి అంటే పళ్ల లెక్క

క్రౌనుకు 43 పళ్లు, పినియనుకు 8 పళ్లు ఉన్నాయనుకోండి. 43ను 8తో భాగిస్తే 5.375. షాఫ్టు ఐదు చుట్ల పైచిలుకు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. యుద్ధం తర్వాత వచ్చిన విల్లీస్ సివిలియన్ జీపులకు ఉన్నది ఈ నిష్పత్తే. పుస్తకాల్లో 5.38 అని వేస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేసిన సైనిక జీపులో 39 పళ్లకు 8, అంటే 4.875. మన దేశంలో మహీంద్రా వారు 1940ల చివరలో విల్లీస్ జీపులను బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత వాటిని ఇక్కడే తయారుచేశారు. ఆ పెట్రోలు జీపులోని హరికేన్ ఇంజను 134 ఘనపు అంగుళాలది, అంటే సుమారు 2,200 సీసీ. నిమిషానికి 4,000 చుట్ల దాకా తిరుగుతుంది.

పెట్రోలు ధర భరించలేక పాత జీపులకు డీజిల్ ఇంజన్లు పెట్టించుకోవడం దేశమంతటా జరిగింది. కంపెనీ కూడా తన కొత్త జీపులకు డీజిల్ ఇంజన్లే పెట్టింది. వాటిలో ఒకటి ఫ్రాన్సుకు చెందిన ప్యూజో నమూనా ఎక్స్‌డీపీ 4.90. దాని పేరులోనే లెక్క ఉంది: నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 90 మిల్లీమీటర్ల వ్యాసం. పిస్టన్ కదిలే దూరం 83 మిల్లీమీటర్లు. ఘనపరిమాణం మీరే గుణించి చూడండి, 2,112 సీసీ వస్తుంది. అయితే కంపెనీ ఇంజను మార్చినప్పుడు ఇంజనీర్లు దాని వెనక ఉన్నవన్నీ లెక్క వేస్తారు. షెడ్డులో మార్చినప్పుడు ఇంజనును ఛాసిస్‌కు బిగించే పట్టీలు కుదిరితే చాలు, పని అయిపోయినట్టే అనుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

సుక్మా జీపులో పెట్టింది ట్రాక్టరు వంశానికి చెందిన నెమ్మది డీజిల్ ఇంజను. నిమిషానికి సుమారు 3,000 చుట్లు దాటదు. ఇప్పుడు లెక్క వేద్దాం. జీపు టైరు ఒక చుట్టు తిరిగితే బండి ఇంచుమించు 2.2 మీటర్లు పోతుంది. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1,000 మీటర్లు. కాబట్టి చక్రం నిమిషానికి 455 చుట్లు తిరగాలి. దాన్ని 5.375తో గుణిస్తే షాఫ్టు దాదాపు 2,440 చుట్లు. పై గేరులో గేర్‌బాక్సు ఏమీ మార్చదు కనుక ఇంజను కూడా అంతే.

పెట్రోలు ఇంజను 4,000 చుట్ల దగ్గర ఈ లెక్కన గంటకు 98 కిలోమీటర్లు పోగలదు. గాలి, ఎత్తు అడ్డుపడతాయి, అది వేరే మాట. 3,000 చుట్ల డీజిల్ ఇంజను అదే హౌసింగుతో 74 దగ్గరే ఆగిపోతుంది. అది కూడా చెవులు చిల్లులు పడే మోతతో. యజమానికి ఇది నచ్చలేదు. "రోడ్డు మీద ఆటో దాటిపోతోంది" అన్నాడట. ఎవరో సలహా ఇచ్చారు: హౌసింగు మార్చు, పళ్ల లెక్క తక్కువున్నది పెట్టు. 4.875 పెడితే అదే 3,000 చుట్ల దగ్గర 81 కిలోమీటర్లు వస్తుంది. సలహా తప్పేమీ కాదు. నెమ్మది ఇంజనుకు తక్కువ నిష్పత్తి కావాలన్నది సరైన మాటే. కానీ అక్కడితో ఆగిపోకూడదు.

షాఫ్టు నెమ్మదిగా తిరిగితే ఎక్కువ మెలి పడుతుంది

సామర్థ్యం అంటే టార్కును కోణీయ వేగంతో గుణించగా వచ్చేది. టార్కు అంటే తిప్పే బలం. చక్రాల దగ్గర కావలసిన నెట్టుడు మారలేదు, అదే బండి, అదే ఎత్తు. ఇప్పుడు నిష్పత్తి తగ్గించాం. చక్రానికి అంతే టార్కు చేరాలంటే షాఫ్టు మోయాల్సిన టార్కు పెరగాలి. మీరు సైకిలు గొలుసు లెక్కలో చూసినదే ఇది. అంటే హౌసింగు మార్చినప్పుడు మనకు తెలియకుండా షాఫ్టు ఉద్యోగమే మార్చేశాం. వేగం పని తగ్గింది, మోత పని పెరిగింది. అందుకే షాఫ్టునూ డిఫరెన్షియల్‌నూ వేర్వేరుగా ఎంచుకోకూడదు. పెళ్లికి ముందు జాతకాల పొంతన చూస్తారే, ఇక్కడ అంకెల పొంతన చూడాలి.

ఎంత పెరిగింది? ఇంజను టార్కు 150 న్యూటన్-మీటర్లు అనుకుందాం. జీపు మొదటి గేరు దాన్ని 2.8 రెట్లు చేస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసులోని లో గేరు 2.46 రెట్లు చేస్తుంది. మొత్తం 1,033 న్యూటన్-మీటర్లు! కానీ షాఫ్టు మీద ఎప్పుడూ అంత పడదు. ఎందుకంటే అంతకంటే ముందే టైరు జారుతుంది. వెనక ఇరుసు మీద 900 కిలోల బరువు, ఘర్షణ గుణకం 0.8, టైరు వ్యాసార్థం 0.35 మీటర్లు తీసుకోండి. 900ను 9.8తో, 0.8తో, 0.35తో గుణిస్తే 2,470 న్యూటన్-మీటర్లు. చక్రాలు జారకుండా తీసుకోగల గరిష్ఠ టార్కు ఇది. దీన్ని 5.375తో భాగిస్తే షాఫ్టు వాటా 459. అదే 4.875తో భాగిస్తే 507.

కాబట్టి టైరు ఒక ఫ్యూజు లాంటిది. ఇంట్లో ఎక్కువ కరెంటు పారితే ఫ్యూజు పోయి తీగలను కాపాడినట్టు, టైరు జారి షాఫ్టును కాపాడుతుంది. ఇక జీపులో పది మంది బదులు పదిహేను మంది ఎక్కితే? చింతపండు బస్తాలు కూడా వేస్తే? వెనక బరువు 1,350 కిలోలైతే టైరు పట్టు ఒకటిన్నర రెట్లవుతుంది. షాఫ్టు మీద పడగల టార్కు 4.875 నిష్పత్తితో 760 అవుతుంది. ఫ్యూజు తీసేసి మందపాటి రాగి తీగ చుట్టడం చూశారా? సంత రోజున జీపులో జరిగేది అదే. దీనికి క్లచ్చిని గబుక్కున వదిలినప్పటి అదురు కూడా కలపండి. ఆ క్షణంలో టార్కు లెక్కకు రెట్టింపు కావచ్చు.

షాఫ్టు గొట్టం మాత్రం ఈ బరువుకు విరగదు. 50 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టం మీద 1,000 న్యూటన్-మీటర్లు పెడితే లోహంలో ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు 118 న్యూటన్లే. అంతే ఉక్కుతో గట్టి కడ్డీ చేస్తే దాని వ్యాసం 22 మిల్లీమీటర్లు వస్తుంది. అదే టార్కుకు ప్రతిబలం 490 దాకా పోతుంది. బోలు గొట్టం ఎంత తెలివైనదో చూడండి. మెలి తిప్పినప్పుడు పని చేసేది అంచున ఉన్న లోహం, మధ్యలో ఉన్నది మోత బరువే. మన వెదురుకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. అయితే నీళ్ల పైపు కోసి షాఫ్టు చేయించేవాళ్లు ఉన్నారు. ఆ పనికి నేను ఒప్పుకోను. నీళ్ల పైపు నీళ్లకే చేశారు. దాని అతుకూ మందమూ అంతటా సమంగా ఉండవు. తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు ఒరిగి వణుకు పుడుతుంది.

గొట్టం గట్టిదైతే విరిగేది ఏమిటి? రెండు కొనల్లో ఉండే ప్లస్సు ఆకారపు క్రాసులు.

క్రాసు చేసే మోసం

ఇరుసు కమాను పట్టీల మీద పైకీ కిందికీ ఊగుతుంది. గేర్‌బాక్సు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. కాబట్టి షాఫ్టు వంకరగా, కోణం మారుతూ తిరగాలి. దానికే యూనివర్సల్ జాయింటు. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరూ, 17వ శతాబ్దపు ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరూ దీనికి ఉన్నాయి. స్ప్రింగు నియమంలో మీరు చదివిన హుక్ ఈయనే. మోటారు బండికి పనికొచ్చేలా దీన్ని తీర్చి 1903లో అమెరికాలో పేటెంటు పొందినవాడు క్లారెన్స్ స్పైసర్. జీపు ఇరుసు మీదా ట్రాన్స్‌ఫర్ కేసు మీదా ఆ పేరు మీకు కనబడవచ్చు.

ఈ జాయింటులో ఒక చిన్న మోసం ఉంది. ఒక పక్క సమంగా తిప్పినా రెండో పక్క సమంగా తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. ఎంత? జాయింటు కోణం యొక్క కొసైన్ విలువే కనిష్ఠం, దాని విలోమం గరిష్ఠం. 5 డిగ్రీలకు తేడా ఒక శాతం కూడా ఉండదు. 11 డిగ్రీలకు ఇంచుమించు 4 శాతం. 17 డిగ్రీలకు 9 శాతం. కోణం ఒకటిన్నర రెట్లయితే తేడా రెట్టింపు దాటింది, గమనించండి. 60 కిలోమీటర్ల వేగంలో షాఫ్టు సెకనుకు 41 చుట్లు తిరుగుతోంది. అంటే సెకనుకు 80కి పైగా ఈ ఉరుకులు. కాళ్ల కింద వణుకుకు పెద్ద కారణం ఇదే.

విరుగుడు ఏమిటంటే రెండో కొనలో ఇంకో క్రాసు. మొదటిది ఉరికినప్పుడు రెండోది అంతే వెనకబడితే లెక్క సరిపోతుంది. దీనికి రెండు షరతులు. రెండు కొనల్లో కోణాలు సమానంగా ఉండాలి, అంటే గేర్‌బాక్సు నుంచి వచ్చే కడ్డీ, పినియను కడ్డీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. షాఫ్టు మీది రెండు ఫోర్కులు ఒకే తలంలో ఉండాలి. షాఫ్టు మధ్యలో పళ్లతో జారే ముక్క ఉంటుంది. దాన్ని ఊడదీసి మళ్లీ దూర్చేటప్పుడు గుర్తు కలపకపోతే ఫోర్కులు తప్పిపోతాయి. ఒకదానికొకటి అడ్డంగా పడితే రెండు క్రాసుల తప్పులు కొట్టుకుపోవడానికి బదులు కలిసిపోతాయి. అందుకే మంచి మెకానిక్కు ఊడదీసే ముందే సుద్దతో గీత గీస్తాడు.

జీపు షాఫ్టు చాలా పొట్టిది. చిన్న బండి కదా. అడ్డంగా అర మీటరు దూరంలో 10 సెంటీమీటర్లు దిగాలంటే కోణం 11 డిగ్రీలు. టాంజెంట్ 0.2, పట్టికలో చూసుకోండి. బురద కోసం ఇంకో రెండు కమాను పట్టీలు కలిపి బండిని 5 సెంటీమీటర్లు లేపితే దాదాపు 17 డిగ్రీలు. ఇంకో మెలిక ఉంది. విల్లీస్ జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి షాఫ్టు మధ్యలోంచి రాదు, కుడి పక్క నుంచి వస్తుంది. అందుకే వెనక హౌసింగు బొడిపె కూడా కుడి పక్కకే ఉంటుంది. వేరే బండిది, బొడిపె సరిగ్గా మధ్యలో ఉన్నది తెచ్చి పెడితే కిందికి వంపుకు పక్క వంపు తోడవుతుంది. కిందికి 10, పక్కకు 12 సెంటీమీటర్లనుకుంటే పైథాగరస్ ప్రకారం మొత్తం 15.6, కోణం మళ్లీ 17 డిగ్రీలు. సుక్మా షెడ్డులో నేను మొదట అనుమానించింది దీన్నే. వంగి చూశాను. బొడిపె కుడి పక్కకే ఉంది. కమాను పట్టీలు పాతవే. ఫోర్కులు ఒకే తలంలో ఉన్నాయి. మేస్త్రీ పని తెలిసిన మనిషి.

పొడుగు కారులో కథ వేరు

మీ ఊళ్లో జీపు బదులు అంబాసిడర్ ఉంటే బాధ ఇంకోలా ఉంటుంది. 2014 మేలో ఉత్పత్తి ఆగిపోయే దాకా అర్ధ శతాబ్దానికి పైగా నడిచిన ఆ కారుకు కూడా ఇంజన్లు మారాయి. 1990ల తొలినాళ్లలో కంపెనీయే 1,817 సీసీ ఇసుజు పెట్రోలు ఇంజనును ఐదు గేర్లతో పెట్టింది. పొడుగు కారులో షాఫ్టు పొడుగు కాబట్టి కోణాలు చిన్నవి. కానీ పొడుగు షాఫ్టుకు ఊయల గుణం వస్తుంది. దండెం తాడును తిప్పితే మధ్యలో పొట్ట ఉబ్బుతుంది కదా, అలాగే ఒక వేగం దగ్గర షాఫ్టు విల్లులా వంగి తిరుగుతుంది. అనునాదం అన్న మాట మీరు ధ్వని పాఠంలో విన్నారు. దీన్ని షాఫ్టు క్రాంతిక వేగం అంటారు.

ఇందాకటి 50 మిల్లీమీటర్ల గొట్టమే తీసుకుందాం. పొడవు ఒక మీటరైతే క్రాంతిక వేగం నిమిషానికి సుమారు 8,100 చుట్లు. ఒకటిన్నర మీటరైతే 3,600. రెండు మీటర్లైతే 2,000 మాత్రమే. పొడవు రెట్టింపైతే వేగం నాలుగో వంతుకు పడిపోయింది. ఇంతకంటే లావు గొట్టమైతే వేగం పెరుగుతుంది. ఐదో గేరులో షాఫ్టు ఇంజను కంటే వేగంగా తిరుగుతుందని మరచిపోకండి. ఇంజను 4,000, గేరు నిష్పత్తి 0.8 అయితే షాఫ్టు 5,000. పొడుగు బండ్లలో షాఫ్టును రెండు ముక్కలు చేసి మధ్యలో బేరింగు పెట్టడానికి కారణం ఇదే.

పొట్టి జీపుకు ఈ భయం లేదు. దానికి ఇంకో కొలత ముఖ్యం. ఇరుసు దిగినప్పుడు షాఫ్టు సాగాలి, లేచినప్పుడు కుదించుకోవాలి. మన లెక్కలో కొన 10 నుంచి 15 సెంటీమీటర్లకు దిగితే పొడవు 51.0 నుంచి 52.2 సెంటీమీటర్లకు పెరుగుతుంది. కొత్త గేర్‌బాక్సు రెండు అంగుళాలు వెనక్కి వస్తే, పాత షాఫ్టును అలాగే దూర్చినప్పుడు జారే ముక్క చివరిదాకా మూసుకుపోతుంది. గుంతలో పడ్డప్పుడు షాఫ్టు గేర్‌బాక్సు బేరింగును సుత్తిలా కొడుతుంది. పొట్టిదైతే ఆ ముక్క ఊడి వస్తుంది. బండిని నేల మీద, మామూలు బరువుతో నిలబెట్టి కొలవాలి. దిమ్మల మీద ఇరుసు వేలాడుతుండగా కొలిచే షాఫ్టు ఎప్పుడూ తప్పే.

సుద్దముక్క చెప్పిన జవాబు

మళ్లీ సుక్మాకు వద్దాం. షాఫ్టు లావు సరే, కోణాలు సరే, పొడవు సరే. అయినా క్రాసు ఎందుకు విరుగుతోంది? హౌసింగు మీది అంకెలు తుప్పు పట్టి కనబడలేదు. విప్పకుండా పళ్ల లెక్క తెలుసుకునే ఉపాయం ఒకటి ఉంది, మీరూ చేయవచ్చు. అయితే పెద్దవాళ్లు దగ్గరుండాలి. బండిని సమతలం మీద నిలిపి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. జీపులో చేతి బ్రేకు షాఫ్టునే పట్టుకుంటుంది కాబట్టి ఈ ప్రయోగానికి దాన్ని వదలాలి, అందుకే రాళ్లు తప్పవు. గేరు న్యూట్రల్. ఒక వెనక చక్రాన్ని మాత్రం జాకీతో లేపి, టైరు మీదా షాఫ్టు మీదా సుద్దతో గుర్తు పెట్టాలి. చక్రాన్ని రెండు చుట్లు తిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. రెండు చుట్లు ఎందుకు? రెండో చక్రం కదలడం లేదు. క్రౌను ఎప్పుడూ రెండు చక్రాల సగటున తిరుగుతుంది. రెండు, సున్నాల సగటు ఒకటి.

మేస్త్రీ తిప్పాడు, నేను లెక్కపెట్టాను. వెనక షాఫ్టు ఐదు చుట్లకు కాస్త తక్కువ. అంటే 4.875. తర్వాత ముందు ఇరుసు. ముందు షాఫ్టు ఐదు చుట్లు పూర్తి చేసి, ఇంకా మూడో వంతు పైన తిరిగింది. అంటే 5.375.

ఆయన సుద్దముక్క కింద పెట్టి నా వైపు చూశాడు. "ముందుది మార్చలేదు సారూ. వెనకది ఒక్కటే తెచ్చారు" అన్నాడు.

నాలుగు చక్రాల గేరు వేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు రెండు షాఫ్టులనూ ఒకే వేగంతో తిప్పుతుంది. అవి వెయ్యి చుట్లు తిరిగితే వెనక చక్రాలు 451 మీటర్లు పోవాలంటాయి, ముందు చక్రాలు 409 మీటర్లే అంటాయి. బండి ఒక్కటే, 42 మీటర్ల తగాదా! వాగులో బురద ఉంటే టైరు జారి తగాదా తీరుస్తుంది. గట్టి రోడ్డు మీద జారదు. రెండు షాఫ్టులూ ఒకదానికొకటి ఎదురు మెలి తిరుగుతూ పోతాయి. ఎక్కడో ఒకచోట తెగాలి. డ్రైవరు వాగు దాటాక గేరు తీయడం మరచి తారు రోడ్డెక్కినప్పుడల్లా ఒక క్రాసు వంతు వచ్చింది. విరిగిన మూడుసార్లూ వాగు దాటిన రోజులేనని మేస్త్రీకి అప్పుడు గుర్తొచ్చింది. లావు క్రాసు వేసి ఉంటే? మెలి అక్కడితో ఆగదు, క్రౌను పళ్లను తినేది. ఇంకో తేడా కూడా బయటపడింది. వేగమాపకానికి పళ్లు ట్రాన్స్‌ఫర్ కేసులో ఉంటాయి. హౌసింగు మారిన సంగతి దానికి తెలియదు. అది 60 చూపిస్తుంటే బండి నిజంగా 66లో పోతోంది.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. కాబట్టి ఇంజను ముట్టుకునే ముందు రవాణా కార్యాలయంలో అడగాలి. 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండ్లకు 2021 నియమాలలో వింటేజి రిజిస్ట్రేషను ఉంది. పాత పెట్రోలు ఇంజను ఇంకా బతికి ఉంటే దాన్ని బాగుచేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఆ రోజు మేస్త్రీ ముందు రెండు దార్లు ఉన్నాయి. ముందు ఇరుసుకు కూడా 39కి 8 పళ్ల జత వెతికి తేవడం, లేదా వెనక పాత జతను మళ్లీ పెట్టడం. పాత క్రౌను, పినియను షెడ్డు మూలన గోనెసంచిలో ఉన్నాయి. పళ్లు బాగానే ఉన్నాయి. నేను తిరుగు ప్రయాణంలో ఆగినప్పుడు వెనక హౌసింగులో అవే ఉన్నాయి, షాఫ్టు కింద కొత్త ఇనుప పట్టీ ఒకటి వేలాడుతోంది. బండి మళ్లీ 70 దాటడం లేదని యజమాని సణుగుతున్నాడట. మేస్త్రీ మాత్రం స్టీరింగు పక్కన రేకు మీద తెల్ల రంగుతో తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి రెండు గీతలు రాయించాడు: వాగు దాటాక గేరు తీయండి.